ప్రీలాంచ్ దందాను ఆపాలి

హైదరాబాద్ చుట్టుపక్కల రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్రాజెక్టులకు ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) పేరుతో జనం దగ్గర డబ్బులు వసూలు చేయడం ఇంకా ఆగలేదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 ఫ్లాట్లకు మించో కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, ఇక అమ్మకం సంగతి చెప్పనక్కర్లేదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. ఏజెంట్లేమో మొత్తం ఇప్పుడే కడితే సగం ధరకే ఫ్లాటు, రెండేళ్లలో డబ్బు డబుల్ అంటున్నారు. అంత గ్యారంటీ లాభమైతే అప్పు తెచ్చి వాళ్లే కొనుక్కోవచ్చుగా! రిటైరైనవాళ్లు పీఎఫ్ డబ్బంతా పోసి, పునాది కూడా పడని స్థలంలో యూడీఎస్ (స్థలంలో విభజించని వాటా) కాగితం పట్టుకుని తిరగడం మా కాలనీలోనే చూస్తున్నాను, అమ్ముదామంటే కొనేవాడు దొరకడు, బిల్డరు ఫోన్ ఎత్తడు. రెరా నంబరు లేని ప్రాజెక్టుల్లో యూడీఎస్ వాటాలను సబ్‌రిజిస్ట్రార్లు రిజిస్టర్ చేయకుండా ప్రభుత్వం కట్టడి చేయాలి, నంబరు లేని ఫ్లెక్సీలను మున్సిపల్ సిబ్బంది వెంటనే పీకేయాలి, ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా వేసే వీలున్న జరిమానాను ముక్కుపిండి వసూలు చేసి, ఆ బిల్డర్ల పేర్లు పత్రికల్లో ప్రకటించాలి.