రాత్రి ఎనిమిదిన్నర దాటినా పప్పు ఉంటుంది

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో మన కర్రీ పాయింట్‌కి వచ్చేవాళ్లకి సోమవారం నుంచి మారేవేంటో చెప్తున్నా, అన్నీ మీకు నచ్చకపోవచ్చు.

మెనూ అంటే వంట మాస్టర్, నేను, మా బావమరిది పొద్దున్నే టీ తాగుతూ తేల్చేసేవాళ్లం. రైతుబజార్లో ఏది చవగ్గా ఉంది, ఏది త్వరగా అవుతుంది, దేంట్లో నాలుగు రూపాయలు మిగుల్తాయి, అంతే లెక్క. ఈమధ్య కౌంటర్లో ఉండే కుర్రాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చాం. అడిగింది లేదని చెప్తే వెళ్లిపోయినవాళ్లు ఏం అడిగారో, ఎన్నింటికి అడిగారో వాడు రాయాలి. ఎందుకంటే కొన్నవాళ్లు ఉప్పెక్కువైతే మర్నాడొచ్చి దులిపేస్తారు (దులపండి, పర్లేదు), ఖాళీ చేతుల్తో పోయినవాళ్లు మాత్రం ఏమీ అనరు, పక్క షాపుకి పోతారు.

మేం పనీర్ ఐటమ్స్ పెంచుదామనుకుంటుంటే నోట్‌బుక్ నిండా పప్పు, చారు, బెండకాయ వేపుడు, అదీ ఎనిమిదిన్నర తర్వాతే. ఆఫీసు అయ్యి, మెట్రో దిగి వచ్చేసరికి గిన్నె అడుగున కాస్త సాంబారే మిగుల్తోంది మరి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లదేమో ఇంకో మాట: "అర కప్పు ఇస్తావా బాబూ?"

అందుకని ఏడుంముప్పావుకి రెండోసారి పొయ్యి వెలిగిస్తాం. దానికోసం రకాలు 16 నుంచి 10కి తగ్గిస్తున్నాం. అర కప్పు 25 రూపాయలు, పూర్తి కప్పు 40 నుంచి 45కి పెంచుతున్నాం. రెండో వంటంటే 19 కేజీల కమర్షియల్ సిలిండర్ తొందరగా ఖాళీ అవుతుంది, ఆ ఖర్చు మొత్తం మేమే భరించలేం. అర కప్పుకైనా ప్యాకింగ్, పని అంతే కాబట్టి సగం ధరకి రాదు. క్యారేజీ తెచ్చుకుంటే బిల్లులో 5 రూపాయలు తగ్గిస్తాం, సాంబారు కవరు ముడి విప్పలేక కత్తెరతో కోసి గట్టంతా పోసుకునే బాధ కూడా ఉండదు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా యాప్ ఆర్డర్లు ఆపేస్తాం, లైన్లో నిలబడ్డవాళ్లే ముందు.

గుత్తొంకాయలో నూనె తగ్గించమని చాలామంది అంటున్నారు. కుదరదండీ, తగ్గిస్తే అది గుత్తొంకాయ కాదు. సొరకాయ, బీరకాయ కూరల్లో తగ్గిస్తాం.

పనీర్ ఇక శని, ఆదివారాల్లోనే. మాస్టర్ కొంచెం అలిగాడు, ఆదివారం వస్తే ఆయన పనీర్ గురించి ఒక మంచి మాట చెప్పి వెళ్లండి.