మా పాపను మళ్ళీ ఆటో ఎక్కించిన అందరికీ

నిన్న సాయంత్రం మా పాప కాశీబుగ్గ బస్టాండ్ నుంచి ఇంటి దాకా ఆటోలో వచ్చింది. ఏడవలేదు, నా చొక్కా గట్టిగా పట్టుకోలేదు, మధ్యలో దింపేయమని అడగలేదు. ఏడు నెలలు ఈ రోజు కోసమే చూశాం.

తెలియని వాళ్ళకి చెప్తాను. మందస వాసుదేవ పెరుమాళ్ గుడికి వెళ్ళి వస్తుంటే కుక్క అడ్డం వచ్చి మా ఆటో బోల్తా పడింది. మా అమ్మకి కాలు విరిగింది, నాకు భుజం మీద కుట్లు పడ్డాయి. నాలుగున్నరేళ్ళ పాపకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అందుకే అందరం అమ్మ కాలు చూసుకున్నాం, పాప బాగానే ఉందనుకున్నాం.

బాగా లేదు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. అర్ధరాత్రి లేచి కేకలు పెట్టేది, వాళ్ళమ్మ బాత్రూంకి వెళ్ళినా తలుపు దగ్గరే కూర్చునేది. బొమ్మ ఆటో ఒకటుంది, దాన్ని బోల్తా కొట్టించడం, నిలబెట్టడం, మళ్ళీ బోల్తా కొట్టించడం, గంటసేపు అదే ఆట, ముఖంలో నవ్వూ లేదు ఏడుపూ లేదు. ఆ బొమ్మని నేనే దాచేశాను. ఇంట్లో ఎవరూ ఆ రోజు మాట ఎత్తకూడదని కూడా నేనే చెప్పాను. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఒకచోట డాక్టరుకి చూపిస్తే "చిన్నపిల్ల కదా, మర్చిపోతుంది" అని సిరప్ రాసి పంపేశారు. అలా రెండున్నర నెలలు పోయాయి.

మొదటి దండం మా అంగన్‌వాడీ టీచరు గారికి. "ఇది మొండితనం కాదు బాబూ, గుంట భయపడిపోయింది" అన్నారు. ఎదురుగా కూర్చుని నా చేత 14416కి, అంటే మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించారు. డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళ మాట మీదే శ్రీకాకుళంలో సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి వెళ్ళాం.

మేడమ్ దీన్ని పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం లాంటిది జరిగాక ఆ భయం మనసులో ఉండిపోయి వచ్చే జబ్బు. అది సైనికులకి వచ్చేది కదా అన్నాను. చిన్నపిల్లలు నోటితో చెప్పలేరు, ఆటలో, నిద్రలో, మొండితనంలో చూపిస్తారు, అందుకే 2013లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5లో ఆరేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి లక్షణాలు విడిగా రాశారని చెప్పారు. న్యూ ఆర్లీన్స్‌లో మైకేల్ షీరింగా అనే డాక్టరు 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి 12 సెషన్ల కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లని మెల్లగా మార్చి భయం తగ్గించే చికిత్స) ఇచ్చి చూశారట, వాళ్ళలో కత్రినా తుఫాను పిల్లలు కూడా ఉన్నారట. అది వినగానే మా దగ్గర 2018లో వచ్చిన తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు, గాలి కాస్త గట్టిగా వీస్తే మంచం కిందకి దూరే పిల్లలు మా వీధిలోనే ఉండేవారు. అప్పుడు మాకెవరికీ ఈ సంగతి తెలియదు.

పన్నెండు శనివారాలు వెళ్ళాం. సెషన్‌లో కాసేపు పాపతో, కాసేపు మాతో. కడుపు బెలూన్‌లా ఉబ్బించి ఊపిరి వదలడం, భయం ఎంతుందో చేతులు చాపి చూపించడం, తర్వాత ఆ రోజు జరిగింది వరసగా బొమ్మలు గీసి చెప్పడం. నేను ఏం మాట్లాడకూడదన్నానో అదే మాట్లాడించారు. నాకు చాలా టెన్షన్ పడింది, పాప ఇంకా భయపడుతుందేమోనని.

ఆరో వారం పాప గీసిన బొమ్మలో ఆటో చిన్నది, తను చాలా పెద్దది. ఎందుకమ్మా అని మేడమ్ అడిగితే, "నేను కోవా కావాలని ఏడిచాను, మామ్మ సంచీలో వెతికింది, అందుకే పడిపోయింది" అంది. మూడు నెలలకి పైగా మా పిల్ల మామ్మ కాలు తనే విరగ్గొట్టానని అనుకుంటోంది. మందస కోవా అంటే ప్రాణం పెట్టే పిల్ల దాన్ని ఎందుకు ముట్టుకోవడం లేదో అప్పుడు అర్థమై, నేను బయటికి వెళ్ళి ఏడ్చాను. ఆటో ఎవరు నడిపారు, ఎవరు అడ్డం వచ్చారు, ఏడిస్తే ఆటో పడుతుందా అని మేడమ్ బొమ్మలతోనే ఒక్కొక్కటిగా అడిగారు. పాప చాలాసేపు ఆలోచించి "కుక్క వచ్చింది" అంది. ఇంటికొచ్చాక మా అమ్మ కూడా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే మాట చెప్పింది.

మేడమ్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఇక మా వీధి చివర ఆటో చిన్నాన్న. పాపని మెల్లమెల్లగా ఆటోకి అలవాటు చేయడమనే ఇంట్లో చేయాల్సిన పని ఆయన లేకపోతే అయ్యేది కాదు. మొదట అరుగు మీద నుంచి ఆటోని చూడటం, తర్వాత హారన్ కొట్టడం, ఇంజిన్ ఆపి ఉంచిన ఆటోలో కూర్చోవడం, ఇంజిన్ వేసి కదలకుండా ఉండటం, తర్వాత వీధి మలుపు దాకా. ఒక మెట్టు దగ్గర తొమ్మిది రోజులు ఆగిపోయాం. కిరాయి బేరాలు వదులుకుని మరీ రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి ఇంటి ముందు ఆటో పెట్టేవారు. డబ్బులిస్తే తీసుకోలేదు, "నా మనవరాలు కాదేటి" అన్నారు.

శనివారాలు సెలవిచ్చిన మా జీడి ఫ్యాక్టరీ యజమాని గారికి, రైల్లో శ్రీకాకుళం రోడ్డు దాకా మాకు తోడొచ్చిన మా బావమరిదికి కూడా కృతజ్ఞతలు.

ఇలాంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే, నెల దాటినా తగ్గకపోతే, నాలాగా ఆగకండి, 14416కి చేయండి.

చిన్నాన్నా, వచ్చే ఆదివారం మీ ఆటోలోనే మందస వెళ్దాం. అమ్మ కూడా వస్తానంటోంది. కోవా ఎన్ని కొనాలో పాప ఇప్పటినుంచే లెక్కపెడుతోంది, మీకు రెండు.