పరాయి తీర్పు చదివితే తప్పేమిటి?

సంపాదకులకు నమస్కారం.

న్యాయమూర్తులు విదేశీ తీర్పులను ప్రస్తావించడమంటే పరాయి పెత్తనానికి తలొగ్గడమేనని ఈమధ్య మీ పేజీలో ఒక వ్యాసం వచ్చింది. నాకు మింగుడు పడలేదు. పై కోర్టు మాట కింది కోర్టు వినితీరాలి, నిజమే. కానీ ఇంకో దేశం కోర్టు చెప్పింది వినాలన్న కట్టడి ఎవరికీ లేదు. సబబుగా తోస్తే తీసుకుంటారు, లేదంటే పక్కన పెడతారు.

1916లో న్యూయార్క్ కోర్టు ముందుకు బ్యూక్ కారు కేసు ఒకటొచ్చింది. చెక్క చక్రం విరిగి కారు నడుపుతున్నాయన గాయపడ్డాడు. కారు అమ్మింది డీలరు, చక్రం చేసింది ఇంకెవరో. అయినా కారు కంపెనీ తప్పించుకోలేదన్నారు జడ్జి కార్డోజో. 1932లో జింజర్ బీరు సీసాలో నత్త వచ్చిందంటూ స్కాట్లాండ్ మహిళ దాని తయారీదారుపై వేసిన కేసు బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్తే, లార్డ్ ఆట్కిన్ ఆ చక్రం తీర్పునే ఆసరా చేసుకున్నారు. ఆమె 3-2తో నెగ్గింది. (సీసాలో నత్త నిజంగా ఉందో లేదో ఏ కోర్టూ తేల్చనేలేదు!)

చదివి కాదనడమూ ఉంటుంది. 1980లో బచన్ సింగ్ కేసులో భారత సుప్రీంకోర్టు ఉరిశిక్షను సమర్థించింది. 1995లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును ముందు పెట్టుకుని మరీ మరణశిక్షను కొట్టేసింది. చట్టం చెప్పిన పద్ధతిలో ప్రాణం తీయడానికి భారత రాజ్యాంగం 21వ అధికరణంలో వీలుంది, మా రాజ్యాంగంలో ఆ మాట లేదు అని తేడా విప్పి చూపించింది. ఇందులో పెత్తనం ఎక్కడుంది?

నా పేచీ వేరేచోట. అనుకూలమైన పేరా ఏరుకొచ్చి అతికించి, అదే కేసులోని అసమ్మతి తీర్పు (మెజారిటీతో విభేదించిన జడ్జీలు రాసింది) ఊసెత్తకపోవడం. కేశవానంద భారతి కేసులో 1973లో పుట్టిన ‘మౌలిక స్వరూపం’ సూత్రాన్ని (రాజ్యాంగం మూల లక్షణాలను సవరణతో కూడా చెరపకూడదన్నది) 1989లో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు తీసుకుంది, 2022లో కెన్యా సుప్రీంకోర్టు వద్దంది. పుట్టినచోటే అది గట్టెక్కింది 7-6తో. తీసుకునేవారు ఆ ఆరుగురు ఏమన్నారో కూడా చదవాలి కదా.

మీ విలేకరులకూ ఒక మనవి. ‘ఫలానా దేశం తీర్పును కోర్టు ఉటంకించింది’ అని రాసి వదిలేయకండి. అనుసరించిందా, చదివి కాదందా, ఎందుకు కాదంది? ఒక్క వాక్యమైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు