అంతర్వేది తీరంలో దీపాల సంగతి చూడండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నర్సాపురం పక్క పల్లెలో పుట్టి పెరిగాను. ఇప్పుడు భీమవరంలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. అంతర్వేది సముద్రతీరం గురించి మీకు ఒక ఉత్తరం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మొన్న ఏప్రిల్‌లో అక్కడ చూసినది చూశాక ఇక ఆగలేకపోయాను.

ముందు ఫిబ్రవరి సంగతి చెప్పాలి. అంతర్వేది తీర్థం, అంటే అక్కడి స్వామివారి జాతర, అయిపోయి జనం పలచబడ్డాక మా అమ్మని, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరాను. చించినాడ వంతెన మీదుగా వెళితే బస్సు దిగే పని లేదు. కానీ అమ్మ పంటు మీదే, అంటే జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ మీదే, వెళ్దామంది. ఆవిడ పెళ్లయి వచ్చింది సఖినేటిపల్లి రేవు నుంచే. మంచులో గోదావరి పాయ వశిష్ఠని దాటుతుంటే అవతలి గట్టు కనబడలేదు, కొబ్బరి తలలు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టు కనిపించాయి. పంటు మీద మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, బడికి వెళ్లే పిల్లలు. మా చిన్నది గోదావరి నీళ్లు చేత్తో తాకి నాలుకకి రాసుకుని "అమ్మా, ఉప్పగా ఉంది" అంది. ఆ వేళ పోటు. సముద్రం ఏటిలోకి ఎదురెక్కి వస్తుందని నేను బడిలో చెప్పే పాఠం దానికి అక్కడే తెలిసిపోయింది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. ఇప్పుడున్న గుడిని 1823లో కొపనాతి కృష్ణమ్మ గారు పూర్తి చేయించారని మా వైపు పిల్లలకి కూడా తెలుసు. పడవల మీద బతికే కులంలో పుట్టిన మనిషి కట్టించిన గుడి అది. గుడి నుంచి సముద్రం వైపు నడిస్తే కాసేపటికి ఊరి చప్పుడు తగ్గి సరుగుడు చప్పుడు మొదలవుతుంది. మంత్రి గారూ, సరుగుడు తోటలో గాలి చేసే శబ్దం మీరు వినే ఉంటారు. అలల హోరు వేరు, అది వేరు. కళ్లు మూసుకుంటే రెండూ కలిసిపోయి ఎటువైపు సముద్రమో తెలియదు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. తోటలో రాలిన సరుగుడాకు మీద తువ్వాలు పరిచి కూర్చోబెడితే రెండు గంటలు కదల్లేదు. ఇంట్లో టీవీ లేకపోతే పది నిమిషాలు కూర్చోలేని మనిషి.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు. అటు దగ్గర్లో పాయల వెంట మడచెట్లు. నీళ్లు వెనక్కి తీసే పాటు సమయం కాబట్టి బురద తేలి, మడవేర్లు నేలలోంచి మేకులు దిగ్గొట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. ఆ బురదలో గాలి అందదు కనుక చెట్టు వేరునే పైకి తోసి ఊపిరి పీలుస్తుంది. పెద్దదానితో ఒక ఆకు తిప్పించి అడుగుభాగం నాకించాను. తాగిన ఉప్పునీళ్లలోని ఉప్పుని ఆకులోంచి బయటికి పంపేస్తుందని చెప్పాను. నమ్మలేదు, నాకాక నమ్మింది. బొరియల్లోంచి పీతలు ఒక్కసారిగా బయటికొచ్చి, మా అడుగు కదిలితే ఒక్కసారిగా లోపలికి పోయేవి.

అటు సముద్రం, ఇటు అడవి, మధ్యలో తక్కువమంది మనుషులు. ఇలాంటి చోటు కోసమే జనం ఎక్కడెక్కడికో వెళుతున్నారు. మీ శాఖ ఈ తీరాన్ని అభివృద్ధి చేయాలని చూడటం నాకు సంతోషమే. మా వాళ్లకి పని దొరుకుతుంది. నర్సాపురం లేసు అల్లికలకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లే ఆడవాళ్లు చూడ్డానికి వచ్చిన వాళ్లకే నేరుగా అమ్ముకోగలిగితే ఎంత బాగుంటుంది. నేను పర్యాటకానికి అడ్డు చెప్పడం లేదు. ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు అన్నదే నా ఉత్తరం.

ఆ రోజు ఇసుక మీద నడుస్తుంటే ఒక జాడ కనిపించింది. ట్రాక్టరు చక్రం వెళ్లినట్టు నీటి అంచు నుంచి పైకి వచ్చి, మళ్లీ వంపు తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని "బాబాయ్, ఇదేంటి?" అని అడిగాను. "ఆయ్, తాబేలండి. రాత్రి తల్లొచ్చి గుడ్లెట్టి ఎల్లిపోయిందండి. తవ్వకండి పంతులమ్మగారూ" అన్నాడు. నేను పంతులమ్మనని ఎలా తెలిసిందో మరి, పిల్లల్ని అదిలించే తీరు చూసి అయ్యుంటుంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. ఒక గూట్లో వంద దాకా గుడ్లు ఉంటాయి. తల్లి ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో ఇసుక వేడికే పిల్లలవుతాయి. మా పెద్దది ఇంటికి రాగానే క్యాలెండరులో లెక్కపెట్టి ఏప్రిల్ మొదటివారం చుట్టూ గీత గీసింది. సెలవు పెట్టి మళ్లీ తీసుకెళ్లక తప్పలేదు.

రెండో రాత్రి చూశాం. ఇసుక ఉడుకుతున్నట్టు కదిలి, అరచేతిలో సగం కూడా లేని నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికొచ్చాయి. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కొన్ని సముద్రం వైపు వెళ్లాయి. మిగతావి వెనక్కి తిరిగాయి. అటువైపు, తోట చివర కొత్తగా కట్టిన ఒక విడిది మీద ఫ్లడ్‌లైటు వెలుగుతోంది. తాబేలు పిల్ల ఎటు వెలుతురు ఎక్కువ ఉంటే అటు వెళుతుంది. చీకటి తీరంలో నేల కంటే నీరే వెలుగ్గా ఉంటుంది కాబట్టి దానికి అదే దారి. ఆ రాత్రి మాత్రం దాని దారి ఆ లైటే. అవి బాలబంద తీగల్లో చిక్కుకుని, రావణాసురుని మీసాల గడ్డిలో పడి దొర్లుతుంటే మా చిన్నది ఏడ్చేసింది. ఆ బాబాయి, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు బకెట్లలో ఏరి నీటి అంచు దాకా తీసుకెళ్లి వదిలారు. నేను ఆ విడిదికి వెళ్లి లైటు ఆపమని అడిగాను. గెస్టులు భయపడతారండీ అన్నారు. ఆపలేదు.

ఆ విడిది వాళ్ల మీద ఫిర్యాదుగా ఇది రాయడం లేదు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. రేపు అలాంటివి ఇరవై వస్తాయి, వాటికీ ఎవరూ చెప్పరు. నా భయం అదే.

తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో మడ అడవుల్ని, ఇసుక దిబ్బల్ని, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లని అన్నిటికంటే సున్నితమైన ప్రాంతాలుగా రాశారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లే మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా ఉంది. చట్టం కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు. తీరంలో వెలిగే దీపం గురించి ఒక ఉత్తర్వు కావాలి. జనవరి నుంచి గుడ్లు పిల్లలయ్యే దాకా, సముద్రం వైపు చూసే ఏ లైటూ రాత్రి వెలగకూడదు. తప్పనిసరి అయిన చోట కిందికి వంచి, పైన మూతపెట్టి, ఎర్రటి మసక దీపం పెట్టుకోవచ్చు. ఆ నెలల్లో కార్లు, జీపులు, చెత్త ఎత్తే ట్రాక్టర్లు ఇసుక మీదికి ఎక్కకూడదు. ఇసుక కింద గుడ్లున్నాయని డ్రైవరుకి తెలియదు కదా.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది మీకు నేనే చెప్పాలి. స్వామివారి కల్యాణం మాఘ శుద్ధ దశమికి. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలు. తీర్థానికి లక్షల్లో జనం వస్తారు. తాబేలు వచ్చేదీ అప్పుడే. నేను చిన్నప్పటి నుంచి ఆ తీర్థానికి వెళుతున్నదాన్నే, ఆ జనాన్ని ఆపమని ఎవరూ అనరు. స్నానాల చోటుకి హద్దు వేసి, లైట్లన్నీ గుడి వైపు తిప్పి, మిగతా తీరాన్ని రాత్రిపూట చీకటిగా వదిలేస్తే చాలు. దేవాదాయ శాఖ, అటవీ శాఖ, మీరు ఒక్క రోజు కూర్చుంటే తెగిపోయే పని ఇది.

ఇక గదుల సంగతి. వచ్చినవాళ్లు ఎక్కడ ఉండాలి? ఊళ్లో ఉండాలి. దిండిలో వశిష్ఠ ఒడ్డున మీ శాఖ విడిది ఎలాగూ ఉంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు పాత మండువా ఇళ్లు, కొబ్బరి తోటల్లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ముసలివాళ్లిద్దరే కాపలా కాస్తున్న ఇళ్లవి. వాటిని బాగుచేసుకోవడానికి అప్పు ఇప్పించండి, వాళ్లే నలుగురికి భోజనం పెట్టి పడక చూపిస్తారు. సముద్రం దగ్గర రోడ్డు ఆగిపోయే చోట మంచి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీళ్లు పెట్టించండి. ఆ ఫిబ్రవరి రోజు తీరం మీద మా అమ్మ పడ్డ ఇబ్బంది ఏ ఆడమనిషికైనా అర్థమవుతుంది. ఈ ఒక్క కారణంతోనే అమ్మలాంటివాళ్లు మళ్లీ రామంటారు.

మొగ దగ్గర స్నానాలు ప్రమాదం. ఏటి నీరు లాగేటప్పుడు, ముఖ్యంగా పాటు వేళ, మోకాలి లోతులో ఉన్న మనిషిని కూడా పట్టి లాక్కుపోతుంది. పై ఊళ్ల కుర్రాళ్లకి ఆ సంగతి తెలియదు. పోటుపాట్ల వేళలు రాసిన బోర్డు, ఎర్రజెండా, గజ ఈతగాళ్లుగా అక్కడి జాలర్ల ఊరు పల్లిపాలెం కుర్రాళ్లకి ఏడాది పొడవునా జీతం కావాలి. సముద్రంలో చేపల వేటనిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది, ఆ 61 రోజులు వాళ్లకి పని ఉండదు. సెలవులకి జనం వచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

చెట్ల గురించి కూడా ఒక మాట. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరం వెంట సరుగుడు గట్టిగా నాటారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. తెల్లారి చూస్తే కోనసీమ వైపు కొబ్బరి తోటలు దువ్వెన పళ్లు విరిచినట్టు పడి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. గాలికి, అలకి అడ్డం నిలిచేది చెట్టేనని మా తరానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కాబట్టి రోడ్డు వెడల్పు కోసం, పార్కింగు కోసం మడ నరకకండి, సరుగుడు కొట్టకండి. అలాగని నీటి అంచు దాకా సరుగుడు నాటడమూ మంచిది కాదు. వేర్లు, నీడ, రాలిన ఆకు ఉంటే తాబేలు గూడు తవ్వుకోలేదు. ముందు ఇసుక, దాని వెనక తీగలు పట్టుకున్న దిబ్బ, ఆ వెనక సరుగుడు, పాయల వెంట మడ. ఈ వరస ఇలాగే ఉండాలి.

మడ చూపించడానికి కాకినాడ దగ్గర కోరంగి ఉంది. 1978లో అభయారణ్యం చేసిన అడవి అది. అక్కడ అటవీ శాఖ చెక్కల దారి వేసి, మనిషి బురద తొక్కకుండా అడవి మధ్యలో నడిచేలా చేసింది. బావురుపిల్లి, నీటికుక్కలు అక్కడ ఇంకా బతికి ఉన్నాయి. పాడైన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీరు లోపలికి పారించి, మడని మళ్లీ పెంచారు కూడా. అంతర్వేది దగ్గర అంత అడవి లేదు. ఒక చిన్న చెక్కలదారి, తెడ్డు వేసే నాలుగు పడవలు, నడిపేవాళ్లు అక్కడి జాలర్లే అయితే సరిపోతుంది. మైకులు మాత్రం వద్దు.

ప్రణాళిక గీసే ముందు పల్లిపాలెంలో ఒక గ్రామసభ పెట్టించండి, కాగితాలు తెలుగులో పంచండి. ఆ బాబాయికి తెలిసినది నాకు తెలియదు. ఏ తిప్ప ఏ ఏడు కోసుకుపోయిందో, ఏ గండిలో లాగుడు ఎక్కువో, తాబేళ్లు ఏ మలుపు దగ్గర ఎక్కువ ఎక్కుతాయో ఆయన చెప్పగలడు.

మిగతావన్నీ నిదానంగా జరిగినా ఓర్చుకుంటాం. దీపాల ఉత్తర్వు మాత్రం వచ్చే జనవరి లోపల కావాలి. మా పెద్దది కొత్త క్యాలెండరు రాగానే గీతలు గీయడానికి సిద్ధంగా ఉంది. ఈసారి తన తరగతి పిల్లల్ని కూడా తీసుకెళ్దామంటోంది. టార్చిలైట్లు తేకూడదని వాళ్లకి ఇప్పటికే చెప్పేసిందట.

నమస్కారాలతో,
వశిష్ఠ ఒడ్డున పుట్టిన ఒక ఉపాధ్యాయురాలు