మిగిలిపోయిన నొప్పి మందులు ఎవరికి తిరిగివ్వాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాన్న క్యాన్సర్‌తో పోయాక ఆయన బీరువా సర్దుతుంటే సగం స్ట్రిప్పు మార్ఫిన్ మాత్రలు, విప్పని రెండు ఫెంటానిల్ ప్యాచ్‌లు (ఒంటికి అంటించుకునే గట్టి నొప్పి మందు పట్టీలు) దొరికాయి. మందుల షాపుకి పట్టుకెళ్తే మేం వెనక్కి తీసుకోం అన్నారు, హాస్పిటల్లో అడిగితే మీరే ఎక్కడైనా పారేయండి అన్నారు. ఎక్కడ పారేయాలండీ, ఇంట్లో పాకే పిల్లాడున్నాడు, వాడికి కనబడిందల్లా నోట్లోకే.

ఫెంటానిల్ ప్యాచ్ మూడు రోజులు ఒంటి మీద ఉండి తీసేశాక కూడా అందులో మందు చాలానే మిగిలుంటుంది, చెత్తబుట్టలో పడేసింది పసిపిల్లలు ఏరుకుని ఒంటికి అంటించుకున్నా, నోట్లో పెట్టుకున్నా ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి మందు ఇచ్చేటప్పుడు మాకెవ్వరూ చెప్పలేదు. చిన్నపిల్లలకే కాదు, ఇంట్లో మిగిలిపోయిన ఇలాంటి మాత్రలు మత్తు కోసం వాడేవాళ్ళ చేతిలో కూడా పడొచ్చు.

అమెరికాలో ఒకప్పుడు ఇలాంటి మందులు షాపుకి తిరిగివ్వడానికి చట్టమే ఒప్పుకునేది కాదు, 2010లో చట్టం మార్చారు, 2014 రూల్స్‌తో షాపుల్లో కలెక్షన్ బాక్సులు పెట్టుకోనిచ్చారు. కానీ ఇష్టమైతేనే పెట్టొచ్చు అన్నారు, నాకు నచ్చనిది అదే, ఇష్టానికి వదిలేస్తే ఎంతమంది పెడతారు? ఫ్రాన్స్‌లో అయితే వాడని మందులు షాపులు డబ్బులు తీసుకోకుండా వెనక్కి తీసుకోవాల్సిందే, అది చట్టం.

తిరిగిచ్చే దారి అస్సలు లేనప్పుడు మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసెయ్యమని, ప్యాచ్ అయితే జిగురు వైపు లోపలికి మడిచి వెయ్యమని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తుంది. నీళ్ళలో కలుస్తుంది కదా అంటే నిజమే, కానీ పిల్లాడి ప్రాణం కంటే అది చిన్న నష్టం అని వాళ్ళ లెక్క, నేనూ అదే అంటాను. అయితే అన్ని మందులకీ ఇది చెల్లదు, వాళ్ళ లిస్టులో ఉన్నవాటికే.

నొప్పి మందులు అందకుండా చెయ్యమని మాత్రం నేను అడగట్లేదు. మార్ఫిన్ లేకపోతే నాన్న చివరి రోజులు ఎలా గడిచేవో తల్చుకోడానికే భయం. అమ్మిన షాపే వెనక్కి తీసుకోవాలి, తాళం వేసిన బాక్సు అక్కడే ఉండాలి, దాని ఖర్చు తయారుచేసిన కంపెనీ పెట్టుకోవాలి, మిగిలితే ఏం చెయ్యాలో మందు చేతికిచ్చేటప్పుడే మన భాషలో చెప్పాలి. ఇవి ఆరోగ్య శాఖ రూల్‌గా పెట్టాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు