చలికాలపు ఆరోగ్య, భద్రతా కార్యక్రమాలపై వార్షిక నివేదిక

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

ఆదిలాబాద్ పట్టణంలోని మన కాలనీ సంక్షేమ సంఘం ఈ సంవత్సరం చేయించిన రోడ్ల మరమ్మతు, మురుగుకాల్వల పూడికతీత, పార్కు నిర్వహణకు సంబంధించిన వివరాలు, ఆడిట్ పూర్తయిన జమాఖర్చుల పట్టిక మీకు విడిగా అందాయి. చలికాలంలో చేసిన పనులను మాత్రం ప్రత్యేకంగా, కొంత విపులంగా సభ్యుల ముందుంచాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ పనులన్నీ సవ్యంగా సాగాయని చెప్పుకోవడానికి కాదు. మేము దేనిని సాయమనుకొని చేశామో అదే ఒక కుటుంబం ప్రాణాల మీదకు తెచ్చింది కాబట్టి, ఆ సంగతి సభ్యులకు దాచకుండా చెప్పడం మా బాధ్యత అనుకున్నాం.

రాష్ట్రానికి ఉత్తరపు కొసన, పెన్‌గంగకు ఇవతల, విదర్భను ఆనుకొని ఉన్న మన జిల్లాకు చలి కొత్త కాదు. ఉత్తరాది నుంచి, మధ్య భారతం నుంచి వీచే పొడి గాలులు మనల్ని ముందుగా తాకుతాయి. ఆకాశంలో మబ్బు లేనందువల్ల పగలు నేల పట్టిన వేడి రాత్రికి నిలవదు. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు అల్మారాలో స్వెటర్ వెతుక్కునే నాటికి మనం రగ్గు మీద రగ్గు కప్పుకుంటాం. మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో చేరి, అది మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గినా, లేదా నేరుగా 4 డిగ్రీలకు పడిపోయినా భారత వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా లెక్కిస్తుంది. పుష్యమాసానికి పూస గుచ్చ పొద్దుండదన్న రోజులలో ఇటువంటి హెచ్చరికలు మనకు తరచుగానే వస్తుంటాయి. అందువల్ల చలికాలం అనగానే సంఘానికి మొదట గుర్తుకొచ్చేది దుప్పట్ల పంపిణీ. ఈసారి కూడా తెల్లవారుజామున వీధులూడ్చే పారిశుధ్య కార్మికులకు, కాలనీ వాచ్‌మన్లకు రగ్గులు, మంకీ క్యాపులు, చేతి తొడుగులు ఇచ్చాం. ఆ ఫొటోలు నోటీసు బోర్డు మీద మీరంతా చూశారు.

నోటీసు బోర్డు మీద పెట్టని విషయం ఇది. కాలనీ వెనుక గేటు దగ్గర వాచ్‌మన్ తన భార్య, ఇద్దరు పిల్లలతో ఉండే గది రేకుల కప్పుది. చలి తీవ్రంగా ఉన్న రోజులలో మన సభ్యులలో ఒకరు దయతలచి తమ ఇంట్లో వాడకుండా ఉన్న ఇనుప కుంపటిని, అర బస్తా బొగ్గులను ఆ కుటుంబానికి ఇచ్చారు. కార్యవర్గంలో ఉన్న మేము కూడా మంచి పని చేశారని మెచ్చుకున్నాం. రెండు రోజులు వారు దానిని గుమ్మం బయటే వెలిగించుకున్నారు. మూడో రాత్రి గాలి ఎక్కువగా ఉండటంతో బొగ్గులు బాగా ఎర్రబడి, పొగ పూర్తిగా తగ్గిన తరువాత కుంపటిని లోపలికి తీసుకొని, కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, తలుపు గడియ వేసుకొని పడుకున్నారు. పొగ పోయింది కాబట్టి ప్రమాదం పోయిందని వారు అనుకున్నారు. నిజం చెప్పాలంటే, వారి స్థానంలో మేమున్నా అలాగే అనుకునేవాళ్లం.

తెల్లవారుజామున చిన్న పిల్లకు వాంతులయ్యాయి. తల్లి లేవబోతే కాళ్లు నిలవలేదు, తల బద్దలవుతున్నట్లుందని అన్నది. వాచ్‌మన్ పాకుతూ వెళ్లి తలుపు గడియ తీయగలిగాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గరకు వచ్చిన పాలబ్బాయి వారిని ఆరుబయటకు లాగి, 108కు ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నలుగురూ కోలుకొని ఇంటికి వచ్చారు. ఆ కుర్రవాడికి సంఘం తరఫున కృతజ్ఞతలను ఈ నివేదికలో నమోదు చేస్తున్నాం.

ఆ తరువాత డాక్టరు గారు మన కార్యాలయానికి వచ్చి వివరించిన సంగతిని రాలేకపోయిన సభ్యుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాం. గాలి చాలని చోట బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకుంటుంది. కాబట్టి మనిషి ఊపిరి తీసుకుంటూనే ఉన్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, నిస్సత్తువ దాని లక్షణాలు. మామూలు పడిశమో, తిన్నది పడకపోవడమో అనుకొని మళ్లీ పడుకున్నవారు లేవకపోవచ్చు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటి గాలికి రాగానే తగ్గుతున్నదంటే దీనినే అనుమానించాలి. స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజర్‌తోనూ ఇదే ప్రమాదం ఉంది. మన కాలనీలో కొన్ని ఇళ్లలో అవి బాత్రూం లోపలే ఉన్నట్లు ఆ వారంలో ఇంటింటికీ తిరిగినప్పుడు తెలిసింది. వాటిని గాలి ఆడే బయటి చోటికి మార్పించుకోవాలని కోరాం. చాలామంది మార్పించుకున్నారు. మిగిలినవారి తలుపు మళ్లీ తట్టక తప్పదు.

ఈ తిరుగుడులో మాకు అర్థమైనదేమిటంటే, రగ్గు ఇవ్వడం తేలిక, కిటికీ తెరిపించడం కష్టం. చలికి భయపడి మనం వెతుక్కునే ఉపాయాలే చలి కన్నా ఎక్కువ కీడు చేస్తున్నాయి. వాటర్ హీటర్ రాడ్డు సంగతే తీసుకుందాం. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర దాదాపు 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానిని ఫోన్ ఛార్జర్ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గులో, పైగా ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా, ఇనుప బకెట్‌లో వేసి వాడుతున్న ఇళ్లు ఒకటి రెండు కాదు. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని వెళ్లి ఎర్తింగ్ పరీక్ష చేయించాం. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాతే నీళ్లలో చేయి పెట్టాలన్న మాటను ఇళ్లలో పనిచేసే ఆడవారికి ప్రత్యేకంగా చెప్పాం, ఎందుకంటే పొద్దున్నే ఆ బకెట్‌ను ముట్టుకునేది వారే. ఆవిరి పట్టే గిన్నె విషయం కూడా ఇటువంటిదే. మరిగే నీళ్ల గిన్నెను మంచం మీద పిల్లల ఒళ్లో పెట్టి దుప్పటి కప్పడం వల్ల కాలిన గాయాలవుతాయి. పెద్దవారైనా గిన్నెను కదలని బల్ల మీద పెట్టుకొనే పట్టాలి.

బీపీ పరీక్షలను డిసెంబరు, జనవరి నెలలలో ప్రతి ఆదివారం పార్కులో నిర్వహించాం. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి గనుక వేసవిలో అదుపులో ఉన్న బీపీ చలికాలంలో పెరగడం సహజమని, అలాగని ఎవరికి వారు మాత్ర పెంచుకోవడం గాని, వేసవి రాగానే మానేయడం గాని కూడదని డాక్టర్లు పదేపదే చెప్పారు. పరీక్షకు ముందు ఐదు నిమిషాలు కూర్చోవాలంటే మన వాకర్లలో కొందరికి ఓపిక లేకపోయింది. నడక ఆపిన వెంటనే చేయి చాపి, అంకె చూసి ఆందోళన పడినవారూ ఉన్నారు. మూతి ఒకవైపు లాగడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏది కనిపించినా అది పక్షవాతం కావచ్చునని, గడ్డను కరిగించే సూదిమందుకు నాలుగున్నర గంటలే గడువు అని అక్కడ చెప్పిన మాట మాత్రం అందరికీ బాగా ఎక్కింది.

అయ్యప్ప మాలలో ఉన్న సభ్యుల గురించి ఒక మాట. దీక్షా నియమాలలో సంఘం జోక్యం చేసుకోదు. కాని బీపీ, గుండె జబ్బు ఉన్నవారు తెల్లవారుజామున తలమీద చన్నీళ్లు గుమ్మరించుకోవడం గురించి ముందుగా తమ డాక్టరుతోనూ, గురుస్వామితోనూ మాట్లాడుకోవాలని కోరాం. మన గురుస్వామి గారే ముందుకు వచ్చి, పెద్దవారు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే దోషం లేదని పడిపూజ రోజున అందరి ముందూ చెప్పడంతో మా పని సులువైంది.

మన కాలనీలోనూ, చుట్టుపక్కల గూడేల నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడ గదులలో ఉంటున్న విద్యార్థులలోనూ సికిల్ సెల్ ఉన్నవారున్నారు. ఈ జబ్బులో ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని నాళాలలో ఇరుక్కుంటాయి. ఒళ్లు చల్లబడినా, నీళ్లు తక్కువ తాగినా ఎముకలు విరుస్తున్నంత నొప్పి మొదలవుతుంది. చలికాలంలో దాహం వేయదు కాబట్టి నీళ్లు మరిచిపోతారు. ఈ రెండూ కలిసిపోయే కాలమిది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద రక్తపరీక్షలు జరుగుతున్నందున, ఆ విద్యార్థులను పరీక్షకు తీసుకువెళ్లే బాధ్యతను మహిళా విభాగం తీసుకుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి ఆరుబయట రాత్రి గడిపే పిల్లలకు రగ్గుతో పాటు ఫ్లాస్కు కూడా ఇచ్చాం. ఈ ఆలోచన వారిలో ఒక అమ్మాయిదే.

పొగమంచు విషయంలో మేము చేయగలిగింది తక్కువ. మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి ట్రాలీలు 44వ జాతీయ రహదారి అంచున వెనుక దీపం లేకుండా ఆగి ఉంటాయి. వాటిలో కొన్నింటికి మన యువకులు ఎర్రని రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించారు. వాహనం నడిపే సభ్యులు మంచులో హై బీమ్ వేయరాదని, ఆ వెలుతురు నీటి బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుందని గుర్తుచేస్తున్నాం. వేకువ 5 గంటల నడకను ఆ రెండు నెలలపాటు 7 గంటలకు మార్చాలన్న సూచనకు వాకర్ల బృందం మొదట ససేమిరా అన్నది. చివరకు సగం మంది ఒప్పుకున్నారు.

భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయరాదన్న నియమం ఈసారి చాలావరకు నిలిచింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో నిషేధించిన సింథటిక్ మాంజా మాత్రం పిల్లల చేతుల్లో కనిపిస్తూనే ఉంది. దానిని కొనిస్తున్నది మనమే.

ఫ్లూ టీకా శిబిరంలో తప్పు మాదే. టీకా వేసుకున్నాక రక్షణ ఏర్పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఏటా వేసుకోవాలి. మేము శిబిరం పెట్టినది డిసెంబరు చివర, అప్పటికే సగం ఇళ్లలో దగ్గులు మొదలయ్యాయి. వచ్చే సంవత్సరం దీనిని దసరా సెలవులు ముగిసిన వెంటనే పెట్టాలని తీర్మానించాం. ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు, 60 ఏళ్లు దాటినవారు, గర్భిణులు తమ డాక్టరును అడిగి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

వెనుక గేటు గదికి రేకుల కింద థర్మాకోల్ సీలింగు వేయించాం. పైన ఎప్పుడూ తెరిచే ఉండేలా జాలీ కిటికీ పెట్టించాం. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఒకటి కొనడానికి నిధుల మంజూరు కోరుతూ తీర్మానాన్ని సమావేశం ముందుంచుతున్నాం. ఆ ఇనుప కుంపటిని ఇచ్చిన సభ్యుడు దానిని తిరిగి తీసుకువెళ్లలేదు, వాచ్‌మన్ ఉంచుకోనన్నాడు. ప్రస్తుతం అది సంఘం కార్యాలయంలో మెట్ల కింద ఉంది. దానిని ఏం చేయాలో కూడా సభ్యులే నిర్ణయించాలి.

ఇట్లు,
కార్యదర్శి