నరాల బిళ్ళల పెట్టె మీద తెలుగెక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. మూడేళ్ళ కిందట రాత్రిపూట అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. తడిగుడ్డ చుట్టుకుని పడుకున్న రోజులున్నాయి. మందుల షాపు అబ్బాయికి చెబితే, "నరాల బలహీనత పిన్నిగారూ, ఇవి వాడండి" అని ఒక షీటు చేతిలో పెట్టాడు. చీటీ అడగలేదు, కాళ్ళు చూడలేదు. చూడమని నేనూ అనలేదు లెండి.

అవి వాడుతుండగానే మా ఆడపడుచు కొడుకు అమెరికా నుంచి వస్తూ "నరాలకి మంచిది అత్తయ్యా" అని పెద్ద సీసా తెచ్చాడు. ఇవి కాక షుగర్ డాక్టరు గారు రాసిన క్యాప్సూలు ఒకటి. బలం మందులే కదా, ఎన్ని వేసుకుంటే అంత మంచిదనుకున్నాను.

ఒకరోజు జాకెట్టు కుడుతుంటే మిషను ఆగిపోయింది. బెల్టు తెగిందేమో అనుకున్నాను. వంగి చూస్తే బెల్టు బాగానే ఉంది. నా కుడికాలు పెడల్ మీంచి జారి నేల మీద ఉంది. ఆ సంగతి నాకు తెలియనే లేదు.

గుంటూరులో నరాల డాక్టరు గారు మింగేవన్నీ పట్టుకురమ్మన్నారు. సంచి బల్ల మీద బోర్లించాను. ఆయన ఒక్కో పెట్టె తిప్పి చూస్తూ కాగితం మీద అంకెలు వేసి కూడారు. మూడింటిలోనూ బి6 విటమిన్ ఉంది. అమెరికా సీసాలోదే రోజుకు 100 మిల్లీగ్రాములు. మొత్తం 120 దాటింది. మనిషికి రోజుకు కావలసింది రెండు మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. "బి6 తక్కువైనా నరాలు దెబ్బతింటాయమ్మా, ఎక్కువైనా దెబ్బతింటాయి. మంట షుగర్‌దే అయుండొచ్చు. ఈ మొద్దుబారడంలో మాత్రం బిళ్ళల వాటా ఉందని నా అనుమానం" అన్నారు. ఆపేశాను. ఎనిమిది నెలలకి పెడల్ కాలికి తెలుస్తోంది. మంట పూర్తిగా పోలేదు.

విటమిన్లన్నీ దండగ అని నేను అనడం లేదు. మా పక్కింటావిడ గుడ్డు కూడా ముట్టదు. పదేళ్ళ పైనుంచి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే కొందరికి తిన్న తిండిలోని బి12 సరిగా ఒంటబట్టదు. రక్తపరీక్షలో ఆమెకి బి12 బాగా తక్కువని తేలింది. ఇంజక్షన్లు చేయించుకున్నాక తిమ్మిర్లు తగ్గాయి. టీబీకి ఐసోనియాజిడ్ అనే మందు వాడేవాళ్ళకి నరాలు దెబ్బతినకుండా ఇదే బి6ని చిన్న మోతాదులో డాక్టర్లే ఇస్తారు. ఎవరికి ఏది ఎంత తక్కువో చూసి ఇస్తే అది వైద్యం. నాకు జరిగింది అది కాదు.

కొన్ని పెట్టెల్లో నరాలకి మంచిదని కలిపే ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అని మరొకటి ఉంటుంది. షీటు ధర పెరిగేది ఎక్కువగా దాని పేరు చెప్పే. బిళ్ళగా ఆరు నెలలు మింగినా మందు లేని ఉత్తుత్తి బిళ్ళతో పోలిస్తే షుగర్ నరాల బాధల్లో పెద్ద తేడా కనిపించలేదని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 2024లో తేల్చింది. ఆ మాట షాపులో ఎవరు చెబుతారు?

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఇందుకు. షాపులో కొన్న పెట్టెని మా మనవరాలు ఫోను కెమెరాలో పెద్దది చేసి చదివింది. "హెల్త్ సప్లిమెంట్, నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని ఉంది అమ్మమ్మా" అంది. అంటే అది మందే కాదు, ఆహారం కింద ఫుడ్ సేఫ్టీ లైసెన్సుతో అమ్ముతున్న సరుకు. అలా రాయాలని చట్టం చెప్పింది, కంపెనీ రాసింది, అంతవరకూ బాగానే ఉంది. దాన్నే కౌంటర్లో నరాల మందని అమ్ముతున్నారు. చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. చదవగలిగితే కదా అడిగేది!

ఆస్ట్రేలియాలో రోజుకు 10 మిల్లీగ్రాములు దాటిన బి6 ఉంటే తిమ్మిర్లు, మంటలు వస్తే ఆపి డాక్టరుని కలవమనే హెచ్చరిక సీసా మీద ఉండాలని 2022 నుంచి నియమం పెట్టారు. 50 దాటితే ఫార్మసిస్టుని అడిగి తీసుకోవలసిందేనని తర్వాత నిర్ణయించారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకి రోజుకు 12 మిల్లీగ్రాములే హద్దు అంది. మన దగ్గర కనీసం బి6 ఎంత ఉందో, అది ఎక్కువైతే ఏమవుతుందో పెట్టె ముందువైపు తెలుగులో కనబడేలా వేయిస్తే చాలు. సబ్బు ప్రకటనకి వచ్చే తెలుగు దీనికి రాదా?

ఇంకో మాట. షుగర్ బిళ్ళలు ఇచ్చే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదికోసారైనా చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. దానికి కావలసింది స్పర్శ తెలుస్తోందో లేదో తాకించి చూసే ఒక నైలాన్ పోగు, అదురు తెలుస్తోందో లేదో ఆనించి చూసే శ్రుతి దండం, అయిదు నిమిషాలు. మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతూ తిమ్మిర్లు ఉన్నవాళ్ళకి బి12 పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో 2022లోనే డాక్టర్లకి ఈ సలహా ఇచ్చారు. కాళ్ళు మొద్దుబారితే అది కుష్టు కూడా కావచ్చు. ప్రభుత్వం దానికి మందులు ఉచితంగా ఇస్తోంది. అలాంటి మనిషి చేతిలో బలం బిళ్ళ పెట్టి పంపితే ఎన్ని నెలలు పోతాయో ఆలోచించండి.

కేబుల్ టీవీలో "షుగర్ మాయం, నరాలకు కొత్త జీవం" అని స్క్రోలింగులు ఇప్పటికీ వస్తున్నాయి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. డెబ్భై ఏళ్ళ చట్టం, మా కేబులతనికి మాత్రం ఇంకా చేరినట్టు లేదు.

ఆ పెట్టెలూ సీసా నేను పారేయలేదు, మిషను సొరుగులో ఉన్నాయి. డ్రగ్ కంట్రోల్ వాళ్ళు గానీ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు గానీ చూస్తామంటే ఇస్తాను. భూతద్దం తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి